లేని గుమ్మటం

పోయిన వారం కోడల్ని గచ్చు మీద వెల్లకిలా పడుకోబెట్టి వదిలేశాం. పాపం, ఇంకా అలాగే ఉంది. లేవలేక కాదు. లేచి నిలబడితే పైన ఉన్నది ఇంకా ఘోరంగా కనబడుతుందని భయం.

ఎక్కడున్నామో మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అది ఒకప్పుడు నాటకాలాడిన పాత హాలు. ఇప్పుడు దాన్ని అందరూ వచ్చి చదువుకునే గ్రంథాలయం చేస్తున్నారు. పైకప్పు బల్లపరుపుగా, నెత్తి మీద మూత పెట్టినట్టు ఉంటుంది. ఆ కప్పు మీద గుమ్మటం బొమ్మ వేస్తాను, కింద నుంచి చూసేవాళ్ళకి కప్పు లేచిపోయి ఆకాశం దాకా వెళ్ళినట్టుంటుంది అని చెప్పి కోడలు కమిటీని ఒప్పించింది. నెలల తరబడి పరంజా మీద పడుకుని వేసింది. పెద్ద తలుపు దాటి లోపలికి రాగానే ఎక్కడ నిలబడి చూడాలో తెలియడానికి నేలలో ఒక ఇత్తడి బిళ్ళ కూడా పొదిగించింది.

నిన్న పరంజా విప్పారు. కమిటీ ప్రెసిడెంటు గారు ఆ బిళ్ళ మీద నిలబడి తలెత్తారు. గుమ్మటం ఒక పక్కకి ఒరిగిపోయి, ఇప్పుడో ఇంకాసేపటికో మీద పడేట్టు ఉంది. ఆయన చటుక్కున వెనక్కి జరిగారు.

"అమ్మా, రేపు సాయంత్రం వస్తాను. ఇది తిన్నగా నిలబడిందా, సరే. లేదంటే సున్నం కొట్టించేస్తాను. చదువుకుందామని వచ్చినవాడు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూర్చోకూడదు కదా!" అని వెళ్ళిపోయారు.

ఆ రేపే ఇవాళ. కోడలు ఇత్తడి బిళ్ళ మీద తల ఆనించి పడుకుని, ఎక్కడ తప్పానా అని పొద్దుటి నుంచీ చూస్తోంది.

"నిచ్చెనమ్మా! లేస్తావా, టీ నోట్లో పొయ్యమంటావా?"

ఫ్లాస్కు చంకలో, కర్టెన్ల మూట నెత్తిన పెట్టుకుని వచ్చింది అత్తగారు. కోడలికి ఆ పేరు పెట్టింది ఈవిడే. కాపురానికి వచ్చినప్పటి నుంచీ పిల్ల నేల మీద కంటే నిచ్చెన మీదే ఎక్కువ కనబడుతోందని ఆవిడ బాధ. హాలు కిటికీలకి కర్టెన్లు కుట్టే పని ఆవిడ తీసుకుంది. నోరూ కుట్టుమిషనూ పోటీ పడి నడుస్తాయి. ఏది ముందు ఆగుతుందో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

"నాకేం వద్దు అత్తయ్యా. గుమ్మటం ఎందుకు ఒరిగిందో అర్థం కావట్లేదు. లెక్క అంతా సరిగ్గానే ఉంది."

"ఒరిగితే ఒరిగింది. నీ పొట్టేం పాపం చేసింది? మీ మామయ్యా అంతే, నిన్నటి నుంచీ మెతుకు ముట్టలేదు. ఇద్దరికిద్దరూ సరిపోయారు."

మామగారు అక్కడే ఉన్నారు. పక్క తలుపు గడప మీద కూర్చుని, కడిగిన కుంచెనే మళ్ళీ కడుగుతున్నారు. ఈ హాలులో నాటకాలు నడిచినన్నాళ్ళూ తెరలు వేసింది ఆయనే. రాజసభలు, అడవులు, వీధులు, మేడలు, అన్నీ ఆ చేతి మీదుగా వచ్చినవే. కోపం ముక్కు మీదే ఉంటుంది. మెప్పు మాత్రం నోట్లోంచి ఊడిపడదు. కోడలి బొమ్మలు చూసి ఇన్నేళ్ళలో ఆయన ఇచ్చిన పెద్ద బిరుదు "ఊఁ". ఆ "ఊఁ" తర్వాత ఇంకో మాట వస్తుందేమోనని కోడలు ఎదురుచూస్తూనే ఉంది. రాలేదు.

అసలు ఈ గుమ్మటం పిచ్చి ఆమెకి కాలేజీలో పట్టలేదు. కాలేజీలో నేర్చుకున్నది తీగలు, బల్బులు, ప్రొజెక్టర్లు. ప్రదర్శనలు పెడితే జనం వచ్చి, తల ఊపి, బయటికెళ్ళి, "ఏమిటది?" అని ఒకర్నొకరు అడుక్కునేవారు. ఒకరోజు లైబ్రరీ పుస్తకంలో ఒక పాత పైకప్పు బొమ్మ చూసి దానికే అతుక్కుపోయింది. బరోక్ కాలపుది. బరోక్ అంటే ఏదో దగ్గు మందు పేరనుకునేరు. కొన్ని వందల ఏళ్ళ కిందటి చిత్రకళ తీరు అది. బుద్ధిగా గోడ మీద ఉండే బొమ్మ వాళ్ళకి నచ్చదు. బొమ్మన్నాక గదిలోకి తోసుకు రావాలి, లేదా గదినే తనలోకి లాగేసుకోవాలి. తెల్ల గుడ్డ మీద మొదలుపెట్టరు చాలామంది. ముందు ముదురు గోధుమ రంగు పూసి చీకటి చేస్తారు. ఆ చీకట్లోంచి వెలుగుని కొంచెం కొంచెంగా పైకి తెస్తారు.

ఆ గాలి ఈ కాలం వాళ్ళకీ తగిలింది. కోడలి స్నేహితుడొకడు మెకానిక్ షెడ్డులో పక్క నుంచి ఒకే ఒక్క బల్బు పెట్టి, గ్రీజు పూసుకున్న మొహాలని ఫోటోలు తీస్తాడు. ఆ మొహాలు చీకట్లోంచి దొరల్లా బయటికొస్తాయి. ఇంకో స్నేహితురాలు పారేసిన ప్లాస్టిక్ కవర్లు అతికించి, గాలికి ఎగిరే బట్టల మడతలు చేస్తుంది. కోడలికి మాత్రం పైకప్పు కావాలి. దొరికింది. దొరికి, ఇదిగో, ఒరిగింది.

"చూడవే, ఈ కర్టెను అంచు తిన్నగా వచ్చిందా?" అంటూ అత్తగారు హాలు వెనక మూలకి నడిచింది. నాటకాల రోజుల కుర్చీలన్నీ తీసేసినా, చివరి వరస చివరన, పక్క తలుపు దగ్గర ఒకటి మిగిలిపోయింది. నేలకి బిగించిన బోల్టు ఊడక దాన్ని అలాగే వదిలేశారు. ఆవిడ అందులో కూలబడి, కాళ్ళు చాపి, "అమ్మయ్య" అనుకుంటూ తల వెనక్కి వాల్చింది.

"మరి ఒరిగిందంటారేం? ఇక్కడికి బాగానే ఉందే!"

"కర్టెనా?"

"కర్టెనేంటి, నీ గుమ్మటం! శుభ్రంగా నిలబడి ఉంటే ఆ ప్రెసిడెంటు గారికేం రోగం?"

కోడలు నమ్మలేదు. అత్తయ్య ఊరడించడానికి అంటోందనుకుంది. అయినా లేచి వెళ్ళింది. అత్తగారు మోకాళ్ళు పట్టుకుని లేచి కుర్చీ ఇచ్చింది. కోడలు కూర్చుని తలెత్తింది.

కప్పు లేచిపోయింది.

నిన్న ఒరిగిపోయిన స్తంభాలన్నీ చక్కగా నిటారుగా నిలబడి ఉన్నాయి. వాటి మీద గుండ్రంగా పిట్టగోడ, దాని మీద గుమ్మటం, గుమ్మటం నడినెత్తిన తెరుచుకున్న కిటికీ, అందులోంచి జారుతున్న వెలుగు. తను ఇన్ని నెలలు మెడలు విరగ్గొట్టుకుని వేసింది ఇదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. సంతోషంతో గట్టిగా అరిచేసింది కూడా. కర్టెను అంచు కుడుతున్న అత్తగారు ఉలిక్కిపడి సూది పారేసుకుంది.

ఆ సూది వెతకడానికి కోడలు వంగింది. కుర్చీ కాళ్ళ పక్కన గచ్చులో చిన్న సిమెంటు మాసిక. కొత్తది. దాని అంచున సుద్దపొడి అంటిన దారం ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది.

చూడగానే సంగతంతా అర్థమైపోయింది.

ఆ పాతవాళ్ళ పద్ధతి ఒకటుంది. చూసేవాడి కన్ను ఎక్కడుంటుందో అక్కడ ఒక గుంజ పాతి, దాని కొసన మేకు కొట్టాలి. మేకుకి దారం కట్టి కప్పు దాకా లాగాలి. బొమ్మలో ఒక్కో గీతకి దారం కప్పుని ఎక్కడ తాకితే అక్కడ సుద్ద చుక్క పెట్టాలి. ఆ చుక్కలు కలిపితే గీతలు. గుంజ పాతిన చోటి నుంచి చూస్తేనే అవి తిన్నగా ఉంటాయి. దగ్గరగా, పరంజా మీద ముక్కు ఆనించి చూసేవాడికి అన్నీ వంకరే. సరిగ్గా ఆ గుంజ పాతే రోజుల్లోనే కోడలు కాలు బెణికి మంచమెక్కింది. "నేను చూసుకుంటాలే" అని దారాలు లాగింది, చుక్కలు పెట్టింది మామగారు. ఆమె లేచి వచ్చేసరికి చుక్కలు గీతలయ్యాయి, గుంజ పోయింది. మామయ్య చేతి గీతని అనుమానించడం ఆమెకి తోచనే లేదు.

"మామయ్యా!" అంది. గొంతు ఆమె అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "గుంజ ఎక్కడ పాతారు?"

మామగారు కుంచె కడుగుతూనే ఉన్నారు.

"పెద్ద తలుపు దగ్గర పాతమన్నాను. మనిషి నిలబడే ఎత్తున. మీరు ఇక్కడ, ఈ మూల, కుర్చీలో కూర్చున్న మనిషి ఎత్తున పాతారు. పొద్దుటి నుంచీ నేను నేల మీద పడి దొర్లుతుంటే చూస్తూ కూర్చున్నారా?"

"చెప్దామనే అనుకున్నా."

"ఎప్పుడు? సున్నం కొట్టాకా?"

ఆయన నీళ్ళు నమిలారు. ఆ మనిషి నీళ్ళు నమలడం ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. అత్తగారు సూది సంగతి మరిచిపోయి, నోరు తెరుచుకుని చూస్తోంది. మిషను ఎలాగూ ఇంటి దగ్గరుంది కాబట్టి, నోరే ముందు ఆగిందని రాసుకోవచ్చు.

"కావాలని కాదమ్మాయ్," అన్నారు చివరికి. "చెయ్యి అలవాటు. గుంజ పట్టుకున్నాను. కాళ్ళు అక్కడికే వెళ్ళాయి. నేను ఈ హాలుకి వేసిన ప్రతి తెరకీ దారం ఆ కుర్చీ దగ్గరి నుంచే లాగాను. చుక్కలన్నీ పెట్టేశాక గానీ గుర్తు రాలేదు నువ్వు తలుపు దగ్గర పాతమన్నావని. చెరిపి మళ్ళీ మొదలుపెట్టే ఓపిక లేదు. చెప్పడానికి సిగ్గేసింది."

"ఆ కుర్చీయే ఎందుకు?"

ఆయన తలతో పెళ్ళాం వైపు చూపించారు.

"నేనా? నేనేం చేశాను మధ్యలో?" అంది అత్తగారు. మరుక్షణం ఆవిడ మొహం మారిపోయింది. "అయ్యో! ఆ మూల కుర్చీ నాదేనే! మీ ఆయన అప్పుడు చంటిపిల్లాడు. సరిగ్గా నాటకం రక్తి కట్టే సమయానికి కేర్ మని అందుకునేవాడు. ఎత్తుకుని పక్క తలుపులోంచి పరుగు. అందుకని ఎప్పుడూ అక్కడే కూర్చునేదాన్ని. కానీ ఏమండీ, ఊరంతా మీ తెరలు ఓ పక్కకి వాలుంటాయనేవాళ్ళు కదా! ఎవరో పేపర్లో వాలు శైలి అని రాశారు కూడా. నాకు మాత్రం ఎప్పుడూ తిన్నగానే కనబడేవి. వీళ్ళందరి కళ్ళకీ ఏం పుట్టిందా అనుకునేదాన్ని!"

"నీకు తిన్నగా కనబడాలనే వేశాను," అన్నారాయన, కుంచెతో మాట్లాడుతున్నట్టు. "అమ్మాయ్, నువ్వు చదివిన ఆ కాలంలో రంగస్థలానికి తెరలు వేసినవాళ్ళు ఎవరి కుర్చీలోంచి చూసి వేసేవాళ్ళని చెప్పావు?"

"రాజు కుర్చీలోంచి."

"మరి, నా రాజు అక్కడ కూర్చునేది."

"రాజేంటండీ, నోరారా రాణి అనలేరూ!" అంది అత్తగారు. అని, కర్టెను అంచు కళ్ళకి అద్దుకుని, "ఇన్నేళ్ళు! ఒక్క ముక్క చెప్పారా!" అని ఏడుస్తూ నవ్వింది. కోడలి కోపం ఎటు పోయిందో తెలియలేదు. వెతికింది కూడా, కొంచెమైనా మిగిలిందేమోనని. లేదు.

అంతలో పెద్ద తలుపు చప్పుడైంది. ప్రెసిడెంటు గారు వచ్చేశారు. వెనక సున్నం వేసే మనిషి, రెండు బకెట్లు. ఆయన ఒకప్పుడు లెక్కల మాస్టారు. మాట ఇస్తే తప్పరు, తప్పితే ఒప్పుకోరు. నేరుగా ఇత్తడి బిళ్ళ మీద నిలబడి తలెత్తారు.

"ఒరిగే ఉందమ్మా."

"అక్కణ్ణించి కాదండీ. ఇలా వచ్చి, ఈ కుర్చీలో కూర్చుని చూడండి."

"ఆ మూలకా?" ఆయన నొసలు చిట్లించారు. "ఇది అందరి హాలు. ఒక్క కుర్చీకి తిన్నగా, మిగతా అందరికీ వంకరగా ఉంటే ఎలాగ? ఏం న్యాయం?"

న్యాయమైన ప్రశ్నే. కోడలు అత్తగారి తడి కళ్ళు చూసింది. జవాబు దానంతటదే వచ్చింది.

"ఇలాంటి బొమ్మకి చూపు ఎప్పుడూ ఒక్కచోటే సరిపోతుందండీ. ఎక్కడ పెట్టినా మిగతా అన్నిచోట్లా వంకరే. పాతవాళ్ళు ఆ ఒక్క చోటూ రాజుకిచ్చారు. నేను పెద్ద తలుపుకి ఇద్దామనుకున్నాను, అంటే దర్జాగా నడిచొచ్చేవాళ్ళకి. మా మామయ్య చివరి కుర్చీకిచ్చారు. ఆలస్యంగా వచ్చేవాళ్ళు, మధ్యలో లేచి పోవాల్సినవాళ్ళు, ఎవరికీ అడ్డం కాకూడదని మూలకి సర్దుకునేవాళ్ళు కూర్చునే కుర్చీ అది. ఎవరైనా కూర్చోవచ్చు. పుస్తకం చదివి తలెత్తితే గుమ్మటం వాళ్ళది. మిగతావాళ్ళకి వంకరగా ఉందనిపిస్తే, లేచి అక్కడిదాకా వస్తారు. ముందు మీరు రండి."

ప్రెసిడెంటు గారు గొణుక్కుంటూనే వచ్చారు. కూర్చున్నారు. తలెత్తారు.

మెడ నొప్పి పుట్టేంతసేపు అలాగే ఉండిపోయారు. సున్నం మనిషి కూడా బకెట్లు దించి, ఏమిటా అని వచ్చి, ఆయన భుజం వెనక వంగి, "అబ్బా!" అన్నాడు.

"సరే," అన్నారు ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకుని. "సున్నం వద్దు. బకెట్లు బయట పెట్టెయ్. ఈ కుర్చీ మాత్రం ఎవరూ కదపకండి."

అత్తగారు కోడల్ని గట్టిగా కావలించుకుంది. కోడలికి కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇన్ని నెలల మెడనొప్పి, నిన్నటి నిద్ర లేమి, అన్నీ ఒక్కసారిగా దిగిపోయాయి. ఇక్కడ కథ ఆపితే అందరికీ హాయి. కానీ ప్రెసిడెంటు గారు ఇంకా కుర్చీలోంచి లేవలేదు.

"అమ్మా, ఆ పిట్టగోడ మీంచి వంగి మనల్ని చూస్తున్న మనిషెవరు?"

"మనిషా? నేను మనుషుల్ని వెయ్యలేదండీ."

"ఎడమ పక్కన. స్పష్టంగా ఉంటే!"

ఎడమ పక్కన అంటే ఆ గోధుమ రంగు మరక! దగ్గర నుంచి చూస్తే సాగదీసిన నీడలా ఉంటుంది. గీతలు పెట్టేటప్పుడు మామయ్య చెయ్యి తగిలిన మసి అనుకుని, పెద్దాయన చేతి గుర్తు ఎందుకు చెరపాలిలే అని కోడలు దాని జోలికి పోలేదు. ఇందాక కుర్చీలో కూర్చున్నప్పుడూ చూపంతా స్తంభాల మీదే ఉండి అటు చూడనే లేదు. ప్రెసిడెంటు గారు లేవగానే అత్తగారు గబుక్కున కూర్చుంది. కొంగు సర్దుకుంది, ఎవరో ఫోటో తీస్తున్నట్టు. ఆ మనిషి ఎవరై ఉంటారో ఆవిడకి అనుమానమే లేదు మరి. పైకి చూసింది. చూసి, సర్దిన కొంగు వదిలేసింది.

"నేను కాదే," అంది మెల్లగా. "నువ్వు. మా నిచ్చెనమ్మ."

కోడలు ఎలా కూర్చుందో ఆమెకే తెలియదు. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, తలకి గుడ్డ కట్టుకుని, చెవి వెనక కుంచె పెట్టుకుని, తనే కిందికి చూస్తోంది. చీకటి రంగులోంచి మొహం ఒక పక్కే వెలుగులోకి వచ్చింది. అద్దంలో ఎప్పుడూ ఇంత బాగా కనబడలేదు. ఒక్క మెప్పు మాట కోసం ఇన్నేళ్ళు ఆయన నోటి వంక చూసింది. ఆ మాట ఆయన ఎప్పుడో కప్పు మీద రాసిపెట్టారు. ఆమెకి ఏడుపు ఆగలేదు. మామగారు గోడ వైపు తిరిగి, ఏ రంగూ లేని కుంచెని బరబరా తోముతున్నారు.

ప్రెసిడెంటు గారు మాత్రం ఇబ్బందిగా కదిలారు. "చాలా బాగుంది. కానీ ఉంచడానికి వీల్లేదమ్మా. హాలులో మనిషి బొమ్మ ఒక్కటి కూడా ఉండకూడదని మొదటి మీటింగులోనే తీర్మానించాం. ఇక్కడ తమ మొహం పెట్టమని ఎంతమంది నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరారో మీకు తెలీదు. మా నాన్న ఫోటోకే వద్దన్నాను. ఇప్పుడు దీనికి సరే అంటే, రేపు వాళ్ళందరికీ ఏం చెప్పను? పొద్దున తలుపులు తీసేలోపు ఆ మొహం పోవాలి. మొహం పోతే గుమ్మటం ఉంటుంది. మొహం ఉంటే రెండూ పోతాయి. నన్ను తిట్టుకోండి, ఏం చెయ్యను."

ఆయన వెళ్ళిపోయారు. బకెట్లు రెండూ తలుపు బయటే ఉన్నాయి. అత్తగారు ఆయన్ని నిజంగానే తిట్టుకుంది, తలుపు మూసుకునేదాకా ఆగి.

మామగారు లేచారు. పొడుగు పిడి కుంచె తీసుకొచ్చి కోడలి చేతిలో పెట్టారు.

"గుమ్మటం నీది. మొహమూ నీదే. ఏం చేస్తావో నీ ఇష్టం. నా చేత్తో మాత్రం చెరపలేను." ఆ గొంతులో ఇంతకుముందెప్పుడూ వినని బెరుకు. "అది పోయేలోపు ఒక్క మాట చెప్పు. బాగా వచ్చిందా?"

కోడలు కళ్ళు తుడుచుకుంది. పైకి చూసింది. ఆయన మొహంలోకి చూసింది. నవ్వు ఆపుకుంటూ అంది.

"ఊఁ."

పెద్దాయన మీసాల చాటున నవ్వేశారు. కోడలు చక్రాల నిచ్చెన లాక్కొచ్చి గుమ్మటం కింద నిలబెట్టింది. రంగు డబ్బాల దగ్గరికి వెళ్ళింది. మొహాన్ని కప్పెయ్యాలంటే కావలసిన ఆకాశం రంగు డబ్బా ముందరే ఉంది. దాన్ని పక్కకి జరిపి, అడుగున ఉన్న ముదురు గోధుమ రంగు డబ్బా మూత తీసింది.

"అదేంటే, అది బొమ్మ మొదలుపెట్టే రంగు కదా!" అంది మళ్ళీ కుర్చీలో కూర్చున్న అత్తగారు. "చెరపడానికి కాదూ నువ్వెక్కేది?"

కోడలు అప్పటికే నిచ్చెన సగానికి వెళ్ళిపోయింది.

"అత్తయ్యా, కుర్చీలోంచి లేవకండి," అని కేకేసింది పై నుంచి. "మొహం మీద చీకటి పూసి, మనిషి కాని ఇంకోటి మొదలుపెడతా. ఒరిగితే చెప్పండి."